వైదాము వారి ల్యాప్‌టాప్ పునఃప్రతిష్ఠా విజయము

అది దక్షిణపు దిక్కున, మహాసముద్ర మధ్యమున, పగడపు దిబ్బల పలువరుసతో నిత్యమూ నవ్వుతున్నట్టుండే వనువా లేవు దీవి. ఆ దీవికి తూర్పుకొసన, ఉత్తుంగ నారికేళ శతసహస్ర శిరఃకంపన శోభితమును, ఎండుకొబ్బరి పరిమళ పరివ్యాప్త దిగంతరమును, కుక్కుట శునక వరాహ శిశు సంకుల వీథికమును అగు వైదాము గ్రామమునందు, ఆగ్నేయపు గాలులు ఆరేసిన చాపలను ఎత్తుకుపోయే ఋతువున, ఒకానొక శనివారం, సూర్యభగవానుడు సముద్రంలో ముఖం కడుక్కుని ఇంకా తుడుచుకోకముందే, ఉనైసి అనే ఇల్లాలు కొంగు బిగించింది. ఆ ఊళ్లో కొంగు ఉండదు కనుక, నడుముకు చుట్టిన సులూ గుడ్డనే బిగించింది. వీరరసానికి అదీ చాలు.

ఆలకించండి. పొయ్యి మీద ఏదైనా పెట్టి వచ్చినవారు దించి రండి. మధ్యలో లేస్తే రసభంగం. ఇది రాజ్యాల కోసం జరిగిన పోరు కాదు. రాజ్యాలకేం, ఇవాళ పోతే రేపు ఇంకొకటి వస్తుంది. ఇది ఒక పాట కోసం, ఒక ముసలి యంత్రంతో, ఒక పూట జరిగిన మహాసంగ్రామం.

ముందుగా ఆ యంత్ర వర్ణన. ఆ ఇంటి నడిగదిలో, చాపల మధ్య, ఒక పాత చెక్కపెట్టె మీద, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని ఒక ల్యాప్‌టాప్ వేంచేసి ఉండేది. వయోవృద్ధం. న్యూజిలాండులో ఉన్న పినతండ్రి కొడుకు దాన్ని అరగదీసి, అతని భార్య అరగదీసి, ఇక అరగడానికి ఏమీ మిగలలేదని రూఢి అయ్యాక, చుట్టాలకు ప్రేమతో పంపించారు. మూత కీలు విరిగితే ఇంట్లోవాళ్లు వలలల్లే దారంతో కట్టారు. మీటల్లో నాలుగు రాలిపోయి, ఆ చోట చిన్నచిన్న రబ్బరు మొటిమలు మిగిలాయి. వాటిని జడపిన్నుతో పొడవాలి. బ్యాటరీ ఏనాడో పరమపదించింది. అయినా సరే, గోడలోంచి కరెంటు తీగ తగిలించి మీట నొక్కగానే, పగటినిద్ర చెడిన మామగారిలా కొంత గుర్రుమని, కొంత వేడెక్కి, చివరికి లేచి తన పని తాను చేసేది.

అట్టి యంత్రంలోకి వైరస్ ప్రవేశించింది.

ఎలా ప్రవేశించిందంటే, మర్యాదగా ప్రవేశించింది. వైదాములో చుట్టం నోరు తెరిచి ‘కెరెకెరె’ అని ఒక వస్తువు అడిగితే కాదనడమన్నది లేదు. గొడ్డలి అడిగినా ఇవ్వాలి, పడవ అడిగినా ఇవ్వాలి, ఒంటిమీది చొక్కా అడిగినా విప్పి ఇవ్వాలి. ఊళ్లో అందరూ అందరికీ చుట్టాలే. కనుక ల్యాప్‌టాప్ గడపగడపకూ తిరిగింది, గడపగడపనున్న పెన్ డ్రైవులూ దాని పక్కటెముకల్లో దూరాయి, ఏ శుభఘడియలోనో ఆ సూక్ష్మరూప రాక్షస సేన దిగింది. దిగీదిగగానే మాయాయుద్ధం మొదలుపెట్టింది. ఉన్న ఫైళ్లను కంటికి కనబడకుండా దాచింది. వాటి స్థానంలో అవే పేర్లతో మాయారూపాలను నిలబెట్టింది. ఒకదాన్ని తాకితే పది పుట్టించింది. ‘మీకు బహుమానం తగిలినది’ అని రంగురంగుల కిటికీలు తెరిచి అమాయకులను ఊరించింది. గురువారం నాటికి తెర నీలంగా మారి, నాలుగు తెల్ల అక్షరాలు కక్కి, యంత్రం కళ్లు తేలేసింది.

పోతే పోయిందని ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఊరుకోవడానికి వీల్లేదు. దాని కడుపులో మకెరెత అవ్వ పాట ఉంది.

మకెరెత అవ్వ ఉనైసికి మేనత్త, ఊరి మొత్తానికి పాటలు కట్టే మనిషి. ఆడవాళ్లు వరసగా కూర్చుని చేతులూ భుజాలూ ఆడిస్తూ పాడే మెకె అనే ఆటకు కొత్త పాట కట్టింది. నాలుగు చరణాలు. మొదటి రెండూ అందరికీ నేర్పింది. తక్కిన రెండూ ఉనైసి ల్యాప్‌టాప్‌లోకి పాడి, ‘తర్వాత విని నేర్చుకోండి’ అంది. ఆ పాడటంతో, దానికి ముందు నుంచీ ఉన్న దగ్గుతో కలిసి, గొంతు పట్టేసింది. సవుసవు ఆసుపత్రిలో డాక్టరు చూసి, నెల్లాళ్లు ఒక్క మాట మాట్లాడకూడదని, గుసగుస కూడా కూడదని శాసించాడు. ఎనభై ఏళ్లుగా ఎవరి మాటా విననావిడ, ఊరంతా ఆశ్చర్యపోయేలా, ఆ శాసనాన్ని పాటిస్తోంది. ఇప్పుడావిడకు మిగిలిన భాష రెండే: చప్పట్లు, చెప్పులు. నచ్చితే చప్పట్లు. నచ్చకపోతే చెప్పు.

సరిగ్గా ఆ శనివారం మధ్యాహ్నమే, పోటు నీటితో పాటు, నైకోరో గ్రామపు ఆడవాళ్లు పడవలో విందుకు వస్తున్నారు. వైదాముకూ నైకోరోకూ మూలదేవత ఒక్కరే. అందుచేత అనాదిగా ఈ రెండూళ్లవారికీ ఒకరినొకరు ఎంతమాటైనా అనుకునే హక్కుంది. ఆ హక్కును నైకోరో ఆడవాళ్లు ఏనాడూ వృథా పోనివ్వలేదు. కిందటిసారి వైదాము ఆడవాళ్లు పాత పాటే మళ్లీ ఆడితే, వాళ్ల నాయకురాలు అందరి ముందూ, “నిన్నటి చేమదుంపలే మళ్లీ ఉడకేశారమ్మా, తినండి” అంది. ఆ మాట ఉనైసి గుండెలో గుచ్చుకున్న చేపముల్లయి, అన్నం మింగినా దిగలేదు.

కనుక మధ్యాహ్నంలోగా ఆ రెండు చరణాలూ బయటికి రావాలి. అందుకు యంత్రాన్ని కడిగి, దానిలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రతిష్ఠించాలి. ఇదీ ప్రతిజ్ఞ.

ఆయుధం లంబాసా పట్నంలో ఉద్యోగం చేసే ఉనైసి అక్క లితియా దగ్గర నుంచి వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ నింపిన ఒక పెన్ డ్రైవ్‌ను ఆవిడ రెండు రొట్టెల మధ్య పెట్టి, కాగితం చుట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. ఉపదేశం ఫోనులో ఇస్తానంది. చిక్కల్లా, వైదాములో ఫోనుకు సిగ్నల్ ఒకే ఒక్కచోట అందుతుంది: సముద్రపు ఒడ్డున, సీమపనస చెట్టు కింద, చెట్టుకు ఆనుకుని నిలబడితే. యంత్రమేమో ఇంట్లో గోడకు కట్టేసి ఉంది. అందుచేత ఉనైసి భర్త ఆపిసాయి, శంఖకంఠుడు, విశాలవక్షుడు, రెండు చేపలవలల యజమాని, చెట్టు కింద ఫోను చెవికి పెట్టుకుని నిలబడి, అక్కగారి మాటను ఇంటిదాకా, ఇంటి మాటను అక్కగారి దాకా, అంటే ఊరంతటికీ, చేరవేసే దౌత్యభారం వహించాడు.

“ఉనైసీ! మీ అక్క మొదలెట్టమంటోంది! పెన్ డ్రైవ్ దూర్చి, మీట నొక్కి, పైవరసలో చివరి మీట టకటకా కొట్టమంటోంది!”

“ఆ మీట ఊడిపోయిందని చెప్పండి!”

“ఊడిపోయిందట వదినా!... ఏవేవ్, ఆవిడ తిడుతోంది! తిట్టింది చెప్పాలా, వద్దా?”

“తిట్లు మీరు ఉంచుకోండి, పని చెప్పండి!”

ఉనైసి జడలోంచి పిన్ను లాగింది. వీరనారి ఒరలోంచి ఖడ్గం దూసినట్లు అనాలని ఉంది. నిజానికి పిన్నుతో పాటు రెండు వెంట్రుకలు కూడా వచ్చాయి, ‘అబ్బా’ అంది. ఆ జటాసంభవ సూక్ష్మాయుధంతో రబ్బరు మొటిమను టకటకటక పొడవగా, తెర నల్లబడి, ఒక మూల తెల్లని అక్షరాలు వెలిగాయి. ‘ఏదైనా ఒక మీట నొక్కండి’ అని ఇంగ్లీషులో ప్రార్థించాయి. ఉనైసి నొక్కింది. సమరద్వారం తెరుచుకుంది.

యంత్రం భాష అడిగింది, ఇచ్చింది. నిబంధనలు ఒప్పుకుంటావా అని అడిగింది, చదవకుండానే ఒప్పుకుంది. పెళ్లి నాడు పాస్టరు గారు అడిగినప్పుడు కూడా ఇంతే ధైర్యంగా ఒప్పుకుంది. అప్పుడు తెర మీద రెండు గీతలు ప్రత్యక్షమయ్యాయి. యంత్రం కడుపులోని రెండు గదులవి. మొదటి గదిలో రోగగ్రస్తమైన పాత సిస్టమ్ ఉంది. రెండో గదిలో అవ్వ పాట ఉంది. ఒకదాన్ని ఆనవాలు లేకుండా చెరిపేయాలి. రెండోదాన్ని వేలి కొసతో కూడా తాకకూడదు.

“మొదటిదా, రెండోదా? మళ్లీ అడగండి!”

“మొదటిదేనట!”

“ఇంకోసారి అడగండి!”

“అడిగాను! మొదటిదేనట! మూడోసారి అడిగితే ఫోను పెట్టేస్తానంటోంది!”

దారిన పోతూ ఈ సంవాదాన్ని చెవిన వేసుకున్న ఒక ముసలి జాలరి గుమ్మంలో ఆగి, “రెండూ కడిగెయ్యవే అమ్మాయ్, ఎలాగూ నీళ్లు తెచ్చుకున్నావుగా” అని సలహా పడేశాడు. గదిమూల నుంచి ఒక చెప్పు రివ్వున వచ్చి అతని మోకాలికి తగిలింది. మకెరెత అవ్వ రెండో చెప్పు కూడా చేతిలోకి తీసుకుంది. జాలరి నమస్కారం పెట్టి తన దారిన పోయాడు.

అప్పుడు ఉనైసి మొదటి గీత మీద బాణం నిలిపి, యంత్రగర్భస్థ వైరిమూకనుద్దేశించి, ఇట్లు గర్జించెను:

“ఓరి దురాత్ములారా! పరగృహప్రవేశ పటువులారా! పరుల ఫైళ్లను మింగి, వారి పేర్లనే తగిలించుకుని, వారి గద్దెలనెక్కి కులుకు మాయామూర్తులారా! మా యింటికి అతిథులై వచ్చి మా కంచమునే దొంగిలించితిరి. వృద్ధకంఠమునుండి వెలువడిన మధురగీతమును చీకటికొట్టున బంధించితిరి. నేడు మీ నివాసము నిర్మూలము, మీ నామము నిశ్శేషము, మీ జాడ నిరవశేషము గావించి, శుభ్రపరిచిన చేపతొట్టివలె ఈ గదిని తళతళలాడింపకున్న, నేను వైదాము ఆడపడుచునే కాను!”

ఈ గర్జన యావత్తూ ఆమె కనుబొమల్లో జరిగింది. నోటితో బయటికి అన్నది మాత్రం, “దేవుడా, మొదటిదే, మొదటిదే, మొదటిదే.” అని, కళ్లు మూసుకుని నొక్కింది.

ఫార్మాట్ ప్రళయం ఒక్క క్షణంలో ముగిసింది. రాక్షస సేన అరవడానికి కూడా తీరిక లేక గాలిలో కలిసిపోయింది. రెండో గది చెక్కుచెదరలేదు. అవ్వ అరచేతులు దొన్నెల్లా ముడిచి, ఆ బోలు చేతులతో గంభీరంగా చప్పట్లు కొట్టింది. ఇక సిస్టమ్ ప్రతిష్ఠ మొదలైంది. శాతాల అంకెలు ఒక్కొక్కటే ఎక్కసాగాయి. కొండెక్కే ముసలి బస్సు కూడా మధ్యలో పల్లం వస్తే కాస్త పరుగెడుతుంది. ఈ అంకెలకు ఆ చాపల్యం కూడా లేదు. ఉనైసి ఈలోగా పిండి కలిపి, బబకావు బూరెలు నూనెలో వేసి, ఉబ్బినవాటిని తీసి, చల్లార్చి, పళ్లెంలో సర్ది, వచ్చి చూసేసరికి అంకె రెండు మెట్లెక్కి రొప్పుతోంది.

ఎట్టకేలకు నూరు నిండింది. యంత్రం తనంతట తాను ఆరి, మళ్లీ వెలిగింది. మళ్లీ అదే నల్లని తెర, అదే మూల, అదే వినయం: ‘ఏదైనా ఒక మీట నొక్కండి.’

ఇక్కడే, మహాజనులారా, వంశాలను కూల్చిన తప్పు జరిగింది. ఉనైసి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ, అడిగినవారికి లేదన్న మనిషి కాదు. అంత మర్యాదగా, అంత చిన్న కోరిక, ఏ మీటయినా సరేనని, ఇష్టం నీదేనని ఒక ముసలి యంత్రం అడుగుతుంటే, ఏ ముఖం పెట్టుకుని ఊరుకుంటుంది? నొక్కింది.

యంత్రం కృతజ్ఞతతో మొదటికొచ్చింది. ‘ఏ భాష?’ అని అడిగింది.

“ఇదేమిటి, మళ్లీ భాష అడుగుతోంది!”

ఆ వార్త చెట్టు దాకా వెళ్లింది, లంబాసా దాకా వెళ్లింది, తిరిగొచ్చింది.

“రెండోసారి మీట నొక్కావా అని అడుగుతోంది!”

“నొక్కాను!”

“ఎందుకు నొక్కావంటోంది!”

“అడిగింది కదా!”

“అడిగిందట వదినా!” ఆపిసాయి ఫోనులో న్యాయవాదిలా గొంతు పెంచాడు. “అడిగాక నొక్కరా ఏమిటి? మీరు పట్నం వెళ్లి అంతా మారిపోయారు వదినా... ఆఁ... ఆఁ... ఏవేవ్, రెండోసారి అది ఊరికే అడుగుతుందట! నొక్కకుండా కూర్చుంటే అదే వెళ్లిపోతుందట! నొక్కితే మళ్లీ మొదటి నుంచీ ఎక్కించుకుంటుందట!”

“ముందే చెప్పొచ్చుగా!”

“మనవాళ్లు అడిగిన ప్రతివాడికీ ఇచ్చేస్తారని ఆవిడ మర్చిపోయిందట!”

ఎండ నడినెత్తికి జరుగుతోంది. ఉనైసి కళ్లనీళ్లు తుడుచుకుంది. నూనె పొగ అని అవ్వకు సైగ చేసింది. అవ్వ నమ్మలేదు, కానీ చెప్పు కూడా విసరలేదు. మళ్లీ భాష, మళ్లీ నిబంధనలు, మళ్లీ రెండు గీతలు, మళ్లీ ‘మొదటిదే మొదటిదే’. మళ్లీ సున్నా నుంచి అంకెల కొండ.

ఈ రెండో ఆరోహణ మధ్యలో, గుమ్మంలో ఒక నీడ పడింది. ఆ నీడకు భుజాన మోత పాటలపెట్టె, మెడలో ఎర్రతాడు, ఆ తాడుకు తాయెత్తులా వేలాడే పెన్ డ్రైవ్. ఉనైసి మేనబావ ఇనొకే.

దీవి మొత్తం మీద ఇనొకే పెన్ డ్రైవ్ చూడని కంప్యూటరు లేదు. అది వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒకటి తెచ్చుకుంది, ఏదో ఒకటి వదిలి వచ్చింది. రగ్బీ ఆటలు, చర్చి పాటలు, పెళ్లి వీడియోలు, వాటితోపాటు నానాజాతి వైరస్‌లు. మేళతాళాలతో ఊరేగే తెగుళ్ల రథం.

“ఏం మరదలా, పెట్టె బాగుపడుతోందట? చెట్టు కింద మీ ఆయన అరుపులకు మా ఊళ్లో చేపలు కూడా ఒడ్డుకొచ్చి వింటున్నాయి.”

“నీ మొహం చూస్తే దీనికి మళ్లీ జ్వరం వస్తుంది బావా. అటు తిరిగి కూర్చో.”

“నా మొహానికేం? పెళ్లికి ముందు నువ్వు చూసి మురిసిన మొహమేగా?”

“మురవలేదు బావా, జాలిపడ్డాను. పస్తున్నట్టున్నావు, బబకావు తిను. నోరు నిండితే ఊరికి మేలు.”

ఇనొకే చతికిలబడి, రెండు బబకావులు ఒక్కసారే నమిలి, నిమ్మాకు టీ పుచ్చుకుని, తన ఆగమన రహస్యం విప్పాడు. పెన్ డ్రైవ్‌లో రగ్బీ ఫైనల్ ఉంది. పెట్టె లేవగానే అందులో పెట్టుకుని చూడాలి. “మరేం తొందరలేదు. అయ్యేదాకా ఇక్కడే ఉంటాను.”

అతను నోరు తెరిచి అడిగేశాడంటే కాదనే దారి లేదు. ఇంతసేపూ కడిగిన గది, గంటలోపల మళ్లీ పశువులపాక.

అంతలో అంకె నూరు నిండింది. “నిండిందండీ!” అని ఉనైసి కేకేసింది. ఆపిసాయి ఫోను చేతబట్టుకునే చెట్టు నుంచి పరుగెత్తుకొచ్చాడు. తెర ఆరింది. వెలిగింది. ‘ఏదైనా ఒక మీట నొక్కండి.’

ముగ్గురూ చేతులు కిందపెట్టి, వాటిమీద కూర్చున్నారు. అక్షరాల పక్కన చుక్కలు ఒక్కొక్కటే పుడుతున్నాయి. చుక్క. ఇంకో చుక్క. ఆపిసాయి తెర మీదికి వంగాడు.

“పాపం, అడుగుతోందే...”

“ఊరుకోండి.”

“ఒక్కసారి నొక్కితే మన సొమ్మేం...”

“మీ సొమ్మే పోతుంది, ఊరుకోండి!”

“నేను నొక్కనా మరదలా? నాకు తెలియనట్టు...”

అవ్వ చెప్పెత్తింది. ఇనొకే తల వంచుకున్నాడు. ఇంకో చుక్క. అంతే, అడిగి అడిగి విసిగి, యంత్రం ఆ ప్రార్థనను విరమించి, తన కర్తవ్యంలోకి తాను సాగిపోయింది. అడిగినవారికి ఇవ్వకుండా కూర్చోవడమన్న ఘోరకృత్యం వైదాములో అదే మొదలు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఒక్క అవ్వ మాత్రం చిద్విలాసంగా ఉంది.

కొంతసేపటికి నీలాకాశం వంటి కొత్త తెర విచ్చుకుంది. కిటికీలు పైకి దూకలేదు. బహుమానాలు తగల్లేదు. ఉనైసి రెండో గది తెరిచింది. అక్కడ ఇంకా మాయామూర్తుల శవాలు వరసగా పడున్నాయి. ఒక్కొక్కదాని మూలనా వంకర బాణం గుర్తు. ఆపిసాయి చెట్టుకు పరుగెత్తి, “వాటిని ముట్టుకోవద్దట! దాగినవాటిని చూపించమని అడగమంటోంది!” అని ప్రకటించాడు. అడిగింది. అప్పుడు ఆ బాణపు గుర్తుల మధ్య, పొగమంచులో నిలబడిన మనిషిలా పల్చగా, ‘మకెరెత పాట’ ప్రత్యక్షమైంది. ఉనైసి దానిమీద రెండుసార్లు నొక్కింది. గీత కదిలింది. క్షణాలు లెక్కపడ్డాయి. పాట నడుస్తోంది.

చప్పుడు లేదు.

“శబ్దం రావడం లేదు!”

సమాచారం వెళ్లింది, వచ్చింది. ఆపిసాయి గొంతు ఈసారి అంత గట్టిగా లేదు. “శబ్దానికి వేరే ఇంకోటి ఎక్కించాలట... ఇంటర్నెట్ కావాలట... సోమవారం పంపిస్తానంటోంది.”

ఆ వెనువెంటనే ఒడ్డు నుంచి ఇంకెవరో అరిచారు: “నైకోరో పడవ! దిబ్బ దాటింది!”

చూశారా విధి వైపరీత్యం! కోట పట్టుబడింది, చెర తెరుచుకుంది, బందీ బయటికొచ్చి కళ్లెదుట నిలబడి నోరు కదుపుతోంది, కాని మాట పెగలడం లేదు. గదిలో పాట కట్టిన మనిషికీ గొంతు లేదు, పాట దాచిన యంత్రానికీ గొంతు లేదు. ఒకదాని ఎదుట ఒకటి కూర్చుని ఇద్దరూ మౌనవ్రతం పట్టారు.

సరిగ్గా ఆ క్షణాన ఇనొకే గొంతు సవరించుకుని, మెడలోని తాడు తలమీంచి తీసి, “మరదలా, మరి...” అని మొదలుపెట్టాడు.

ఉనైసి అతని వైపు తిరిగింది. ఎర్రతాడును చూసింది. భుజాన ఉన్న పాటలపెట్టెను చూసింది. ఆ పెట్టె పక్కన పెన్ డ్రైవ్ దూర్చే సన్నని సందును చూసింది. ఆ చూపులో ఉన్నది ఏ విలుకాడి చూపూ కాదు. సంతలో ఆఖరి చేపను ఇంకొకరికంటే ముందు చూసిన ఇల్లాలి చూపు. రెండరచేతులూ ఒకటిగా చేసి, అందరికీ వినబడేట్టు, అతని మాట పూర్తికాకముందే అంది:

“బావా, కెరెకెరె. ఆ పెన్ డ్రైవ్ నాకు కావాలి.”

ఇనొకే ఎర్రతాడును గుప్పిట్లో దాచాడు.

“పాటలపెట్టె కూడా.”

“అది కాదు మరదలా, నేను ముందు...”

“నువ్వింకా అడగలేదు బావా. నేనడిగాను. ఏమండీ, నేను అడగడం విన్నారా?”

“విన్నాను!” అన్నాడు చెట్టు కింద నుంచి ఆపిసాయి. “వదిన కూడా విందట!” గుమ్మం దగ్గర పోగైన ఆడవాళ్లందరూ విన్నారు. ముసలి జాలరి కూడా, చెప్పు అందనంత దూరం నుంచి, విన్నానన్నాడు.

“అందులో ఫైనల్ ఉందే! ఇంకా చూడలేదే!”

“ఎవరు గెలిచారో దీవంతా తెలుసు బావా, నీకొక్కడికే తెలియదు. చెప్పమంటావా?”

“వద్దు, వద్దు! చెప్పకు!” అని చెవులు మూసుకుని, మూసుకోవాలంటే చేతులు ఖాళీ చేయాలి గనుక, ఆ మహావీరుడు తన ఆయుధాలు రెండూ మరదలి ఒడిలో వదిలేశాడు.

అక్కగారి కట్టకడపటి ఉపదేశం మేరకు, ఆ తెగుళ్ల రథం దానంతట అది తలుపు తోసుకుని దొర్లి రాకుండా ఉనైసి ఎడమచేత్తో షిఫ్ట్ మీటను అదిమి పట్టి, కుడిచేత్తో పెన్ డ్రైవ్ దూర్చి, తెరవకుండా, తొంగి చూడకుండా, దయాదాక్షిణ్యాలు లేకుండా ఫార్మాట్ చేసింది. ఇనొకే గోడవైపు తిరిగాడు. ఆ శూన్యంలోకి ఒకే ఒక్క పాట ఎక్కించి, తీసి, పాటలపెట్టెలో గుచ్చి, మీట నొక్కింది.

మొదట ఒక దగ్గు వచ్చింది. తర్వాత ఏదో కుక్క అరిచింది. “ఆ కుక్కను తరమండే” అని మకెరెత అవ్వ గొంతు, గరుకుగా, పెత్తనంగా, నిండుగా, గది నిండా వినిపించింది. చాప మీద కూర్చున్న మకెరెత అవ్వ ఉలిక్కిపడి ఒళ్లో చేతులు ముడుచుకుంది. ఆ తర్వాత మూడో చరణం లేచింది.

పడవ దిబ్బ దాటి, లోపలి నీళ్లలోకి వచ్చి, ఒడ్డు తాకి, నైకోరో ఆడవాళ్లు బరువులూ బుట్టలూ దించుకుని, స్వాగతాలూ యంగోన పానీయమూ ముగించుకుని, తీరిగ్గా తిట్లు మొదలుపెట్టేంతలో, వైదాము ఆడవాళ్లు పాటలపెట్టె చుట్టూ కూర్చుని ఆ రెండు చరణాలూ పట్టేశారు. తప్పు పాడినవారి వైపు చెప్పు లేచేది. అంచేత త్వరగా పట్టారు.

నాలుగు చరణాలూ ఆడారు. భుజాలు కలిశాయి, చేతులు కలిశాయి, చివరి చరణంలో అలలు వెనక్కి తగ్గే చోట అందరి తలలూ ఒక్కసారే వంగాయి. నైకోరో నాయకురాలు ఒక్క తప్పు కోసం వరసంతా వెతికి, దొరక్క, మళ్లీ మొదటి నుంచీ వెతికింది. అలాంటి విపత్తు ఆవిడకు ముందెన్నడూ రాలేదు. చివరికి తేరుకుని, “ఆడినవాళ్ల మొహాలు చూడకుండా ఉంటే, పాట వినొచ్చు,” అంది. అనాదిగా ఆ రెండూళ్ల మధ్య ఇంతకు మించిన పొగడ్త లేదు. అంతటితో ఆగకుండా, ముందుకు వంగి, రెండరచేతులూ ఒకటిగా చేసి, “కెరెకెరె. ఆ పాట మాకు కావాలి,” అంది.

అందరూ మకెరెత అవ్వ వైపు చూశారు. పాట ఆవిడది. మాట్లాడటానికి వీల్లేదు. అవ్వ ఆ మెరిసే పాటలపెట్టెను చూసింది, ఉనైసిని చూసింది, తన పాటను చేయి చాచి అడుగుతున్న శత్రువును తనివితీరా చూసింది. బోలుచేతులు రెండూ ఎత్తి, ఊరు దద్దరిల్లేటట్టు చప్పట్లు కొట్టింది.

ఈ ప్రకారంగా, సప్తసముద్రాలూ సాక్షిగా చాటుతున్నాను, వినండి. జటాపిన్నధారిణియు, యంత్రగర్భ ప్రక్షాళనియు, బావగర్వ నిర్వాపణియు అగు ఉనైసి, రోగగ్రస్తమైన ఒక ల్యాప్‌టాప్‌లో సగభాగాన్ని శుభ్రపరిచి, సగం పనిచేసేలా నిలబెట్టి, దాన్ని శనివారం మధ్యాహ్నం నుంచి అదే శనివారం పొద్దుగూకేదాకా ఏ వైరస్సూ సోకకుండా కాపాడిన ప్రథమ మానవిగా ఆ తీరమంతటా జయజయధ్వానాలు అందుకొనెను. పొద్దుగూకాక ఏమైందని అడిగేవారికి ఒక్కటే సమాధానం: ఒక్క యంత్రాన్ని తప్ప, అడిగేవారిని ఈ కథలో ఎక్కడా కాదనలేదు, కానీ ఇంతటితో చాప మడిచేస్తున్నాం.